పరపతి ఎవరిది?

మా పెందుర్తిలో పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు గానీ, ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు గానీ "కుర్రోడు ఏం పని చేస్తాడు?" అని ఎవరూ అడగరు. "ఎక్కడ సేస్తన్నాడు?" అంటారు. పోర్టు, షిప్‌యార్డు, డాక్‌యార్డు, హెచ్‌పీసీఎల్, బీహెచ్‌పీవీ, జింకు, స్టీల్‌ప్లాంటు... వీటిలో ఒక పేరు చెబితే చాలు. లోపల ఫిట్టరా, గుమస్తానా, క్రేను ఆపరేటరా అన్నది తర్వాతి సంగతి. సాఫ్ట్‌వేర్ అంటే మాత్రం ఇంకో ప్రశ్న పడుతుంది, "ఏ కంపెనీ?" అని. చెప్పాక కూడా ఓ నిమిషం ఆలోచిస్తారు.

ఇదేదో మా ఊరి చాదస్తం కాదండీ. బ్యాంకువాడు అడిగేదీ ఇదే ప్రశ్న. మనం ఎంత బాగా పనిచేస్తామన్నది వాడికి అక్కర్లేదు, మన వెనక ఎవరున్నారో కావాలి.

ఇంతకీ ఈ గోల నాకెందుకు పట్టిందంటే, ఇంటి మీద పై అంతస్తు వేద్దామని నాన్నా నేనూ అనుకున్నాం. నాకు జీతం పడే ఖాతా మీద 2 లక్షల ఓవర్‌డ్రాఫ్ట్ ఉంది. ఇల్లు కట్టేవాళ్ళకి ఓడీ అంత సుఖం ఇంకోటి లేదు. ఇవాళ సిమెంటు, వారం తర్వాత ఇనుము, శనివారం మేస్త్రీ లెక్క... ఎంత వాడితే అంతకే, ఎన్ని రోజులు వాడితే అన్ని రోజులకే వడ్డీ. అందుకని దాన్ని 5 లక్షలు చేయమని అడిగా. సరిగ్గా అప్పుడే కంపెనీ మారుతున్నా. కొత్తచోట జీతం ఎక్కువ, ఆఫర్ లెటర్ చేతిలో ఉంది. బ్యాంకువాళ్ళు (పేరెందుకు లెండి) మర్యాదగానే చెప్పారు. కొత్త కంపెనీలో ఆర్నెల్ల పే స్లిప్పులు తెస్తే అప్పుడు చూస్తాం, ఈలోగా జీతం మా దగ్గర పడటం ఆగిపోతే ఉన్న 2 లక్షల లిమిట్ కూడా మళ్ళీ పరిశీలించాల్సి ఉంటుంది అని.

జీతం పెరుగుతోంది, పరపతి తగ్గుతోంది! ఈ లెక్క ఎక్కడ పుట్టిందా అని చదవడం మొదలుపెట్టా. చదివినకొద్దీ కోపం తగ్గిందని చెప్పను గానీ, లెక్క మాత్రం అర్థమైంది.

ఓవర్‌డ్రాఫ్ట్ కథ చెప్పేవాళ్ళంతా స్కాట్లండ్ నుంచి మొదలుపెడతారు. 1727లో పెట్టిన రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్, ఆ మరుసటి ఏడే ఎడింబరోలో విలియం హాగ్ అనే వర్తకుడికి ఖాతాలో ఉన్నదానికంటే 1,000 పౌండ్లు ఎక్కువ వాడుకునే వీలిచ్చింది. ఆయన కష్టం మనకి తెలిసిందే. ఇవ్వాల్సినవాళ్ళకి ముందు ఇవ్వాలి, రావాల్సింది తర్వాతెప్పుడో వస్తుంది. ఈ పద్ధతికి అక్కడ క్యాష్ ఎకౌంటు, క్యాష్ క్రెడిట్ అనే పేర్లు పడ్డాయి. మన బ్యాంకుల్లో వ్యాపారస్తులకిచ్చే 'సీసీ' ఆ పేరే. 1776లో ఆడమ్ స్మిత్ తన పుస్తకంలో దీని గురించి వివరంగా రాశాడు. మంచి పేరూ భూవసతీ ఉన్న ఇద్దరు హామీ ఉంటే చాలు, ఎవరికైనా ఖాతా ఇచ్చేవారట. గమనించారా, మొదటి తరంలోనే బ్యాంకు చూసింది అప్పు అడిగేవాణ్ణి ఒక్కణ్ణే కాదు, పక్కన నిలబడ్డ ఇద్దర్ని.

ఈ పద్ధతి మన దేశానికొచ్చేసరికి మనుషుల బదులు సరుకు ముందుకొచ్చింది. 1809లో చార్టరు పుచ్చుకున్న బ్యాంక్ ఆఫ్ బెంగాల్ నల్లమందు, నీలిమందు, ఉప్పు, నూలు లాంటి సరుకు మీద క్యాష్ క్రెడిట్ ఇచ్చేది. ఇళ్ళూ భూములూ తనఖా పెట్టుకుని అప్పివ్వడం దానికి నిషిద్ధం. మన వైపు 1843లో వచ్చిన బ్యాంక్ ఆఫ్ మద్రాస్ కూడా అదే కుదురులోది. గోదాములో సరుకున్న కంపెనీవాళ్ళకీ పెద్ద వర్తకులకీ ఇవి పనికొచ్చాయి. మరి పొలం తప్ప ఇంకేమీ లేని రైతు? ఏమీ లేని గుమస్తా? వాళ్ళకి షావుకారే దిక్కు.

ఇక్కడో మంచి మలుపుంది. మద్రాసు ప్రభుత్వంలో ఫ్రెడరిక్ నికల్సన్ అనే సివిల్ సర్వెంటు ఉండేవాడు. రైతుకి అప్పు ఎలా పుట్టించాలో చూడమంటే యూరప్ పద్ధతులన్నీ చదివి 1895, 1897లలో రెండు సంపుటాల నివేదిక రాశాడు. జర్మనీలో రైఫైజెన్ నడిపించిన పల్లె సంఘాలే మనకి దారి అన్నాడు. సరుకొద్దు, భూమొద్దు, ఒకరికొకరు తెలిసినవాళ్ళు ఒకరికొకరు పూచీ ఉండాలి. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. విశాఖపట్నం కోఆపరేటివ్ బ్యాంకు 1916 నాటిది. మచిలీపట్నంలో డాక్టరుగా ఉన్న భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనలో ముందున్నారు, 1923 నవంబరులో లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. (వైద్యం మానేసి జాతీయోద్యమం, మధ్యలో బ్యాంకులు, ఇన్సూరెన్సు కంపెనీలు! ఆయన్ని ఇవాళ్టి లోను ఫారం ముందు కూర్చోబెడితే "ప్రస్తుత ఉద్యోగంలో ఎన్నేళ్ళు?" అన్న గడి దగ్గరే ఆపేస్తారు.)

అన్నట్టు, క్రెడిట్ అన్న మాటని మనవాళ్ళు 'పరపతి' అన్నారు చూడండి, అది నాకు భలే నచ్చింది. ఊళ్ళో నలుగురిలో మాట చెల్లుబాటు కావడమూ పరపతే, అప్పు పుట్టడమూ పరపతే. తెలుగులో ఆ రెండూ ఒకటే మాట.

ఉద్యోగుల పరపతి సంఘాలు ఇందులోంచే వచ్చాయి. విశాఖపట్నం రేవు 1933లో తెరుచుకుంది, 1941లో సింధియా షిప్‌యార్డు వచ్చింది. నెల తిరిగేసరికి జీతం అందుకునే మనుషులు వేలల్లో తయారయ్యారు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో జీతంలోంచి ఏమేం కోయొచ్చో ఒక జాబితా ఉండేది, సహకార సంఘం బాకీ అందులో ఒకటి. చిన్న వాక్యమే గానీ దాని పని పెద్దది. అప్పు వసూలు చేసే బాధ్యత యజమాని జీతాల గుమస్తా మీద పడింది. నాన్న పోర్టులో చేసేటప్పుడు ఇంటికోసం అప్పు తీసుకున్నది సంఘంలోనే. ఇద్దరు తోటి ఉద్యోగులు హామీ సంతకం పెట్టారు, వాయిదా జీతంలోనే కటింగు. ఆయనకి బ్యాంకు గడప తొక్కే పనే పడలేదు. స్కాట్లండ్‌లో 200 ఏళ్ళ కిందట కావలసిన ఇద్దరు పెద్దమనుషుల చోట ఇక్కడ ఒక ఫిట్టరు, ఒక కలాసీ. అసలు హామీ మాత్రం వాళ్ళు కాదు, పోర్టు. హామీ పెట్టినవాళ్ళకి భయం ఎప్పుడొస్తుందో అడిగితే నాన్న ఒక్కముక్కలో చెప్పారు, "వాడు ఉద్యోగం మానేస్తన్నాడని తెలిస్తే."

1969లో 14 బ్యాంకులు, 1980లో ఆంధ్రా బ్యాంకుతో సహా ఇంకో 6 జాతీయమయ్యాయి. యజమానీ ప్రభుత్వమే, బ్యాంకూ ప్రభుత్వమే. 1966లో ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితం చేశారు. ఆ పేరున్న పే స్లిప్పు మా వైపు ఎంత చెల్లుబాటయ్యేదో వేరే చెప్పక్కర్లేదు. ఉద్యోగం మారడం అన్న ఊహే లేని మనుషుల మీద కట్టిన లెక్క ఇది. చేరితే అరవై ఏళ్ళదాకా అక్కడే.

ఆ లెక్కకి మొదటి దెబ్బ సాఫ్ట్‌వేర్‌వాళ్ళు కొట్టారనుకుంటాం గానీ, నా ఉద్దేశంలో జింకు కొట్టింది. 1977 నుంచి విశాఖలో నడిచిన హిందుస్థాన్ జింక్ స్మెల్టరు 2002లో ప్రభుత్వ వాటా అమ్మకంతో ప్రైవేటు చేతికి వెళ్ళింది, 2012లో మూతపడింది. అక్కడి మనిషి రాజీనామా ఇవ్వలేదు, ఇంటర్వ్యూకి వెళ్ళలేదు, కుర్చీలోంచి లేవలేదు. అయినా అతని యజమాని మారిపోయాడు.

ఇక మనవాళ్ళ సంగతి. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. కంపెనీ లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని అందులో ఉంది. ఆ ఉత్తరం ప్రకారమే ఉద్యోగులు 53,000 మంది. ముందురోజు వరకూ 'సత్యం' అంటే పర్సనల్ లోను ఏజెంట్లు వెంటపడే పేరు. తర్వాతి రోజుల్లో సత్యం ఉద్యోగులకి కొత్త అప్పులూ కార్డులూ ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడుతున్నాయని పేపర్లలో వచ్చింది. జనవరి 6కీ 8కీ మధ్య ఆ కుర్రాళ్ళ కోడింగ్ మారలేదు, జీతం మారలేదు, ఒక్క వాయిదా తప్పలేదు. వాళ్ళ పరపతి అనుకున్నది వాళ్ళది కాదని రెండు రోజుల్లో తేలిపోయింది.

ప్రభుత్వ పేరైతే శాశ్వతమనీ లేదు. స్టీల్‌ప్లాంటులో వాటా నూరు శాతం అమ్మడానికి 2021 జనవరిలో కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2024లో జీతాలు ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా పడిన నెలలున్నాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. నెలాఖరున జీతం పడుతుందా అన్న ప్రశ్న ఆ గేటు లోపల పుడుతుందని మా నాన్న తరం వాళ్ళెవరూ ఊహించి ఉండరు.

సరే, కంపెనీ మారేటప్పుడు అసలేం జరుగుతుందో చూద్దాం. జీతం ఖాతా మీద ఓడీ లిమిట్‌ని నెల జీతానికి కొన్ని రెట్లుగా లెక్కేస్తారు. దానికి ముందు మీ కంపెనీ వాళ్ళ జాబితాలో ఏ తరగతిలో ఉందో చూస్తారు. అందులో లేని స్టార్టప్‌కి వెళితే జీతం రెట్టింపైనా లాభం లేదు. కొత్త కంపెనీ తనకి ఒప్పందం ఉన్న వేరే బ్యాంకులో ఖాతా తెరిపిస్తుంది. పేరోల్ కటాఫ్ తేదీ దాటాక చేరితే మొదటి జీతం ఆపై నెల జీతంతో కలిసి పడుతుంది. పాతచోట ఫుల్ అండ్ ఫైనల్ ఎప్పుడిస్తారో దేవుడికెరుక. అంటే ఓడీ నిజంగా అవసరమయ్యే నెలా, బ్యాంకు దాన్ని అనుమానంగా చూసే నెలా ఒకటే. పైగా ఓడీ చాలావరకు అడిగినప్పుడు తిరిగి కట్టాల్సిన అప్పు. శాంక్షన్ లెటర్లో ఆ వాక్యం ఉంటుంది, మనమే చదవం.

దీనికి ఆఫీసు క్యాంటీన్లో దొరికే సలహా మీకు తెలిసే ఉంటుంది: "పేపర్ పెట్టకముందే లిమిట్ పెంచేసుకో, ఎవడికి తెలుస్తుంది?" తెలివైన సలహానే. కానీ ఫారంలో ఉద్యోగం వివరాల కింద ఇవన్నీ నిజమని సంతకం పెడతాం. నోటీసు పీరియడ్‌లో ఉండి ఆ సంతకం పెట్టడం నా మనసుకి పట్టలేదు. ఉద్యోగం వదిలే ఆలోచనే లేనప్పుడు, అవసరం లేకపోయినా, లిమిట్ పెంచి పెట్టుకోవడం వేరు. వాడనంతవరకు వడ్డీ ఉండదు, ఎక్కడైనా ఏడాదికోసారి రెన్యువల్ ఫీజు ఉంటుందంతే. మా టీమ్‌లో చేరే పిల్లలకి నేను చెప్పేది అదే.

నాకు నచ్చనిది ఇంకోటుంది. మనిషిని మనిషిగా చూసే లెక్కలు లేని రోజుల్లో యజమాని పేరు చూశారు, సరే. ఇప్పుడలా కాదు కదా. 2000లో వచ్చిన సిబిల్ ఇచ్చే స్కోరులో మన జీతమూ కంపెనీ పేరూ లెక్కలోకి రావు, తీసుకున్నది ఎలా కట్టామన్నదే వస్తుంది. 2014లో పీఎఫ్‌కి యూఏఎన్ నంబరు వచ్చాక ఎన్ని కంపెనీలు మారినా నంబరు ఒకటే. మన ఖాతాల వివరాలు మన అనుమతితో ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి పంపే అకౌంట్ అగ్రిగేటర్ పద్ధతి 2021 సెప్టెంబరులో మొదలైంది. ఆరేళ్ళలో మూడు కంపెనీలు మారి ఒక్క నెల కూడా ఖాళీగా లేనివాడూ, ఒకేచోట ఆరేళ్ళున్నవాడూ కట్టే శక్తిలో ఎంత వేరు? ఆ తేడా కొలవడానికి కావలసిన డేటా అంతా ఉంది. వాడే ఫార్ములాలో మాత్రం ఇంకా జీతాల గుమస్తానే కూర్చున్నాడు.

నా దరఖాస్తుకి పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు జత చేశా. పాత కంపెనీ చివరి నెల, దాని కిందే కొత్త కంపెనీ మొదటి నెల, మధ్యలో ఖాళీ లేదు. కౌంటర్లో అమ్మాయి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది రాయడానికి ఫారంలో గడి లేదు సార్, అయినా పెట్టేస్తాను" అంది.