చేపాక్ ఆవరణ - తెలుగువారి వాటా

మద్రాసు విశ్వవిద్యాలయం తమిళుల సంస్థ, మనకు దానితో పనిలేదు అనే అభిప్రాయం తెలుగు విద్యార్థుల్లో కొంత ఉంది. చరిత్రను పరిశీలిస్తే ఇది సరికాదని తెలుస్తుంది.

కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలతోపాటు ఇది 1857లో ఏర్పడింది. తొలిరోజుల్లో ఇక్కడ బోధన లేదు. కళాశాలలకు గుర్తింపునివ్వడం, పరీక్షలు జరపడం, పట్టాలివ్వడం మాత్రమే దాని పని. నేడు ఒడిశాలో ఉన్న గంజాం నుంచి కర్ణాటకలో ఉన్న బళ్ళారి వరకు, మద్రాసు రాజధానిలోని తెలుగు విద్యార్థులు సుమారు 70 ఏళ్ళు ఈ పట్టాల కోసమే చదివారు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వెలసింది. అంతమాత్రాన సంబంధం తెగలేదు. దాని కేంద్రం విశాఖపట్నంలో స్థిరపడిన తరువాత రాయలసీమ కళాశాలలు మళ్ళీ మద్రాసు పరిధిలోకే వచ్చాయి. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా సీమవాసుల ఉన్నతవిద్యకు మద్రాసే ప్రధాన ఆధారం.

1923 చట్టంతో మద్రాసు విశ్వవిద్యాలయం బోధన, పరిశోధనల వైపు మళ్ళింది. 1927లో ప్రాచ్య పరిశోధన సంస్థలో భాగంగా తెలుగు శాఖ మొదలైంది. దానికి నాయకత్వం వహించిన కోరాడ రామకృష్ణయ్య తెలుగును సోదర ద్రావిడ భాషలతో పోల్చి పరిశీలించారు. ఇరుగుపొరుగు భాషల శాఖలు ఒకేచోట ఉండడం అటువంటి కృషికి అనుకూలించింది.

మెరీనా తీరాన చేపాక్ ఆవరణకు వెళ్ళినవారికి ముందుగా కనిపించేది సెనేట్ హౌస్. రాబర్ట్ చిషోమ్ రూపకల్పనలో 1874-79 మధ్య కట్టిన ఈ భవనంలో ఇండో-సారసెనిక్ శైలి స్పష్టం. సమీపంలోనే ఆర్కాటు నవాబుల ప్రాసాదం ఉంది. గడియారపు గోపురంతో కూడిన గ్రంథాలయ భవనం 1936 నాటిది. గ్రంథాలయ శాస్త్రానికి పంచసూత్రాలను అందించిన ఎస్.ఆర్. రంగనాథన్ అప్పటి గ్రంథాలయాధికారి.

ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం చాలాకాలం ఈ భవనంలోనే నడిచింది. కల్నల్ మెకంజీ సేకరించిన కైఫీయతులు, సి.పి. బ్రౌన్ పండితులచేత వెదికించి రాయించిన ప్రతులు దాని నిధులు. అవి లేకపోతే మన సాహిత్యంలో ఎంతో భాగం, మన గ్రామాల చరిత్రలో ఎంతో భాగం నేడు దొరికేది కాదు.

ఆంధ్రదేశానికి వెలుపల పెరిగిన విద్యార్థులు దీన్ని గుర్తించాలి. తెలుగు పరిశోధనకు పునాదిరాళ్ళు కొన్ని మనముండే వైపునే పడ్డాయి. ఆ తాళపత్రాలను చదవగలవారు ప్రతి తరంలోనూ తయారుకావాలి. ఆ బాధ్యతలో మనకూ వాటా ఉంది.