ఉద్దానములో ఇంటిపేర్లు

బారువలో జన్మించిన స్వాతంత్ర్య యోధుడు గౌతు లచ్చన్న (1909–2006) పేరులో ఇంటిపేరు ముందున్నది. పలాస ప్రాంతపు కవి సుబ్బారావు పాణిగ్రాహి (మరణము 1969) పేరులో అది చివర నున్నది. తెలుగువారు ఇంటిపేరును ముందు చెప్పుదురు, ఒరియావారు చివర చెప్పుదురు. 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రమైనను, ఉద్దానపు తీరమున రెండు పద్ధతులును కలిసియే యున్నవి.

ఊరిపేరు ఇంటిపేరగుట తెలుగుదేశమంతట కలదు. అట్టి పేరు సామాన్యముగా ఆ ఊరిలో పుట్టదు. టెక్కలిలో అందరును టెక్కలివారే. అక్కడ ఆ మాట ఎవరికి గుర్తగును? వలసపోయిన యింటికే అది అతుకును.

అరుదైన ఇంటిపేరు ఎంతకాలము నిలుచును? 1873లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ దీనిని గణితసమస్యగా ప్రకటించెను. మరుసటి యేట హెన్రీ వాట్సన్‌తో కలిసి సమాధానము వెలువరించెను. తండ్రికి సగటున ఒక్క కుమారుడే యనుకొందము. ఒక యింట ముగ్గురు, మరొక యింట ఎవరును లేకపోవుట వలన, ఒక్క యింట మొదలైన పేరు ఏనాటికైనను అంతరించును. సగటు ఒకటికి మించినచో నిలుచుటకు అవకాశము కలదు. వాట్సన్ దానిని గమనింపలేదు. మన దత్తత ఆచారము మాత్రము ఈ లెక్కలో లేదు!

1875లో జార్జి డార్విన్ ఇంటిపేర్లను మరొక పనికి వాడెను. ఆయన తలిదండ్రులు దగ్గరి బంధువులు. భార్యాభర్తలది పెండ్లికి ముందే ఒకే ఇంటిపేరైన వివాహములను లెక్కించి, రక్తసంబంధపు పెండ్లిండ్లెన్నో ఆయన అంచనా కట్టెను. 1965లో క్రో, మాంజ్ అను శాస్త్రజ్ఞులు ఈ పద్ధతికి సూత్రము కూర్చిరి.

ఈ పద్ధతి మనయెడ చెల్లదు. ఒకే కులములో ఒకే ఇంటిపేరువారు సాధారణముగా అన్నదమ్ముల వరుస. వారికి పెండ్లి కుదరదు. కనుక లెక్క సున్న వచ్చును. కాని మేనరికములు కలవు! మేనమామ కూతురి ఇంటిపేరు వేరు, తాత ఒక్కడే. ఆ దంపతుల బిడ్డలో ఒక జన్యువు ప్రతులు రెండును ఒకే పూర్వికుని నుండి వచ్చు సంభావ్యత 1/16. మేనమామయే మేనకోడలిని చేసికొన్నచో 1/8.

ఉద్దానమును మూత్రపిండముల జబ్బు ఏండ్ల తరబడి పీడించుచున్నది. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధనాకేంద్రముతో కూడిన ఆసుపత్రి ప్రారంభమైనది. కారణము నీరా, ఎండలో చాకిరియా, వంశమా అనునది ఇంకను తేలలేదు. ఈ స్థితిలో "ఆ యింటిపేరువారికే ఈ జబ్బు" అనుట తొందరపాటు. అన్నదమ్ముల యిండ్లకు ఇంటిపేరుతోపాటు నూయియు ఒకటే కావచ్చును. పరాయి ఊరి కోడలికి ఆ యింటి రక్తము లేదు, నీరు మాత్రము అదే; మేనరికపు కోడలికి రెండును కలవు. అందుచే రోగుల వివరములు సేకరించువారు కోడలి పుట్టింటిపేరును, పుట్టిన ఊరిని, ఆ నూతినీరు ఎన్నేండ్లుగా త్రాగుచున్నదో కూడ వ్రాసికొనవలెను.