మెలెఖ్ మొదలు ముల్కీ దాఁక

కలకత్తాలో కానింగ్ వీధి బ్రాబోర్న్ రోడ్డును కలియుచోట, 1884లో ఎలియాస్ డేవిడ్ ఎజ్రా తన తండ్రి స్మృత్యర్థము నిర్మింపఁజేసిన మాఘేన్ డేవిడ్ మందిరమున్నది. ఆ నగరపు యూదులు పూరీం పండుగకుఁ బఠించు ఎస్తేరు గ్రంథములో, హోదు మొదలు కూషు వఱకు 127 సంస్థానముల నేలిన పారసీక ప్రభువు కథ కలదు. ఆ హోదు మన హిందూదేశమే. రాజ్యమునకు అందు మాటిమాటికి వచ్చు పదము మల్ఖూత్. ప్రాచీనతర గ్రంథములలో మమ్లాఖా అనునది హెచ్చు. ఉత్తరకాలమున మల్ఖూత్ ప్రబలినది.

రెంటికిని మూలము మ-ల-క అను ధాతువు. మెలెఖ్ రాజు, మల్కా రాణి. అక్కదు భాషలో షర్రు అనఁగా రాజు, మల్కు అనఁగా అతనికంటెఁ జిన్న ప్రభువు. హీబ్రూలోనో మెలెఖ్ సింహాసన మెక్కఁగా, సర్ అను జ్ఞాతిపదము మంత్రి సేనాధిపతుల పాలయ్యెను. పదములకును పదవీభ్రంశము తప్పదు కాఁబోలు!

1798లో అలెప్పో వాస్తవ్యుఁడు షాలోం కోహెన్ వచ్చుటతో నారంభమైన కలకత్తా యూదసంఘములో నధికులు బగ్దాదీలు. తొలుత వారి యింటిభాష హీబ్రూ లిపిలో వ్రాయు అరబ్బీయే కాని యిద్దిష్ కాదు. తూర్పు ఐరోపా యూదుల యా భాషలో మల్ఖూత్ తుది తకారము సకారమై మల్ఖెస్ అయ్యెను. జర్మను సంతతికిఁ జెందిన కేనిగ్ ఉండఁగానే, హీబ్రూ నుండి వచ్చిన మెయ్‌లెఖ్ సయితము రాజునకుఁ జెల్లినది. రాజ్యార్థకమైన మెలూఖె మఱింత విచిత్రము: రష్యాలో జారు పతనమైన పిమ్మట నేర్పడిన సోవియట్ ప్రభుత్వపు యిద్దిష్ నాటకశాలకు ‘ప్రభుత్వ’ అను విశేషణము ఆ రాజశబ్దమునుండియే కలిగెను.

ఈ ధాతువు వంగదేశమునకు మఱియొక త్రోవను, అరబ్బీ మలిక్‌గా మహమ్మదీయ ప్రభువుల కొలువుల ద్వారమున, మునుపే వచ్చియుండెను. 1835లో మార్బుల్ ప్యాలెస్ కట్టించిన రాజేంద్ర మల్లిక్ యింటిపేరు అట్టి బిరుదమే. మన హైదరాబాదులో రాజ్యమును దేశమును సూచించు ముల్క్ నుండి, స్థానికుఁడను నర్థముగల ముల్కీ పుట్టినది. నిజాము 1919 నాఁటి ఫర్మానాతో నుద్యోగార్హతకుఁ గొలమానమైన ఆ మాటకై 1952లో విద్యార్థులు వీథుల కెక్కిరి. ఆ నిబంధనలు 1973 వఱకును రద్దు కాలేదు.