కంప్యూటర్ నచ్చింది, లోపలిది నచ్చలేదు

చీర నచ్చి, దాంతో వచ్చిన జాకెట్టు ముక్క నచ్చకపోతే ఏం చేస్తాం? ముక్క కత్తిరించి పక్కన పెట్టి, మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళి వేరేది తెచ్చుకుంటాం. కంప్యూటర్ విషయంలో మాత్రం అలా ఎందుకు కుదరదు? డబ్బులు మనవే, వాడేది మనమే, కానీ లోపల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలో ముందే ఎవరో నిర్ణయించేసి ఉంటారు. ఈ పద్ధతి మొదటినుంచీ లేదండీ. దీనికో చరిత్ర ఉంది.

1981 ఆగస్టులో ఐబీఎం వాళ్ళు తమ మొదటి పర్సనల్ కంప్యూటర్ తెచ్చినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌ని విడిగా కొనుక్కోవాలి. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన డాస్ ధర 40 డాలర్లు. దానికి పోటీగా ఉన్న సీపీ/ఎం-86 ధర 240 డాలర్లు. పేరుకి ఎంచుకునే హక్కు ఉంది, కానీ అంత తేడా ఉంటే జనం దేన్ని కొంటారో చెప్పక్కర్లేదు కదా!

ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ కంప్యూటర్ తయారుచేసే కంపెనీలతో ఇంకో రకం ఒప్పందం పెట్టుకుంది. కంపెనీ అమ్మిన ప్రతి యంత్రానికీ, అందులో మైక్రోసాఫ్ట్ సరుకు ఉన్నా లేకపోయినా, రుసుము కట్టాలి. ఎలాగూ కట్టేస్తున్నప్పుడు వేరేవాళ్ళది ఎందుకు పెడతారు? 1994లో అమెరికా ప్రభుత్వం కలగజేసుకున్నాక ఈ పద్ధతి మానేశారు. కానీ అప్పటికే కంప్యూటర్ అంటే విండోస్ అన్నట్టు అయిపోయింది.

దీనిమీద కోపం వచ్చినవాళ్ళూ ఉన్నారు. విండోస్ లైసెన్సు కాగితంలో ఒక మాట ఉండేది: ఈ షరతులు ఒప్పుకోకపోతే అమ్మినవాళ్ళ దగ్గర డబ్బు వాపసు అడగవచ్చని. లైనక్స్ వాడేవాళ్ళు ఆ మాటే పట్టుకుని, 1999 ఫిబ్రవరి 15న కాలిఫోర్నియాలో మైక్రోసాఫ్ట్ ఆఫీసుకి వెళ్ళి 'మాకొద్దు, మా డబ్బు మాకివ్వండి' అన్నారు. డబ్బు రాలేదు కానీ, ఆ ప్రశ్న మాత్రం పత్రికలకెక్కింది.

ఇక మనలో చాలామందికి గుర్తుండే గొడవ విస్టాది. 2001లో వచ్చిన ఎక్స్‌పీకి ఇంటిల్లిపాదీ అలవాటు పడ్డాక, 2007 జనవరి 30న విస్టా వచ్చింది. మెమరీ ఎక్కువ కావాలి. పాత ప్రింటర్ పలకదు. ఏం నొక్కినా 'అనుమతి ఇస్తారా' అని అడుగుతుంది. కొత్త కంప్యూటర్ కొంటే అదే వస్తుంది. కొనేవాళ్ళు గట్టిగా అడిగేసరికి, ఆ ఏప్రిల్‌లోనే డెల్ కొన్ని కంప్యూటర్ల మీద మళ్ళీ ఎక్స్‌పీ ఇవ్వడం మొదలుపెట్టింది. 2008 జనవరితో ఆపేద్దామనుకున్న ఎక్స్‌పీ అమ్మకాలని మైక్రోసాఫ్ట్ జూన్ 30 దాకా పొడిగించింది.

ఇక్కడ నన్ను ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. విస్టా కొన్నవాళ్ళు వెనక్కి ఎక్స్‌పీకి వెళ్ళే హక్కు ఉండేది, కానీ అది బిజినెస్, అల్టిమేట్ రకాలకే. ఇళ్ళకోసమని తక్కువ ధరకి అమ్మిన హోమ్ రకాలకి లేదు. అంటే ఆఫీసులో అయ్యగారికి నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఇంట్లో పిల్లల చదువుకీ, మన వంటల రాతలకీ కొన్న కంప్యూటర్‌కి మాత్రం సర్దుకుపోవడమే! సర్దుకుపోవడం మనకి కొత్తా ఏమిటి?

అయితే అందరూ తిట్టుకున్న ఆ విస్టా మన తెలుగుకి ఒక మేలు చేసింది. ఎక్స్‌పీలో తెలుగు సరిగ్గా కనబడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి, భారతీయ భాషల కోసం టిక్కు పెట్టి, అది అడిగితే ఎక్స్‌పీ సీడీ పెట్టాలి. ఆ సీడీ ఎంతమంది దగ్గర ఉండేది? చాలామందికి తెలుగు బదులు డబ్బాలు కనబడేవి. విస్టాలో ఈ తంటా లేదు, తెలుగు మొదటినుంచే కనబడుతుంది. బ్లాగులు చదువుకునే గృహిణికి అది చిన్న విషయం కాదు. నచ్చని దాన్లో కూడా మనకి పనికొచ్చేది ఉండవచ్చన్నమాట.

2009 అక్టోబర్‌లో విండోస్ 7 వచ్చి విస్టా గొడవని మరిపించింది. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్‌నే తీసేసింది. జనం గోల పెడితే, మరుసటి ఏడాది 8.1లో ఆ బటన్ తిరిగొచ్చింది. చూశారా, ఊరికే సర్దుకోకుండా నచ్చలేదని గట్టిగా చెప్పినప్పుడల్లా ఎంతో కొంత కదలిక వచ్చింది.

ఇప్పుడు మళ్ళీ అదే పరిస్థితి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, అది లేని పాత కంప్యూటర్లు శుభ్రంగా పనిచేస్తున్నా ఆ లెక్కలో పనికిరావు. మరి కొత్తది కొనాలా?

కొనేముందు ఒక కాగితం మీద మన పనులు రాసుకుందాం: తెలుగు టైపింగ్, పిల్లల క్లాసులు, బ్యాంకు పని, ఫోటోలు, ప్రింటర్. వీటిలో చాలావరకు బ్రౌజర్‌లోనే అయిపోతుంటే, ఉబుంటు లాంటి లైనక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, పాత కంప్యూటర్‌లో ఏదీ చెరపకుండానే నడిపి చూడవచ్చు. ప్రింటర్ పలికితే, తెలుగు సరిగ్గా పడితే, కొత్త యంత్రం ఖర్చే తప్పుతుంది. లేదూ, ఏదో ఒక పనికి విండోసే కావాలంటే కొత్తదే కొనుక్కుందాం. కాకపోతే షాపులో అరగంట కూర్చుని, మన చేతులతో వాడి చూసి కొందాం. ఇంట్లో దాంతో రోజూ కాపురం చేసేది మనమే కాబట్టి, ఆ నిర్ణయంలో మన మాట కూడా ఉండాలి.