సత్యం - హక్కు: 'అల్-హక్' న్యాయకృషి

1967 నుంచి వెస్ట్ బ్యాంక్‌లోని పాలస్తీనీయుల జీవితాన్ని ఇజ్రాయెల్ సైనిక ఉత్తర్వులు శాసిస్తున్నాయి. 1949 నాటి నాలుగవ జెనీవా ఒప్పందం వంటి అంతర్జాతీయ న్యాయసూత్రాలు ప్రమాణంగా ఆ పాలనను పరిశీలించేందుకు రాజా షెహాదే ప్రభృతులు 1979లో రమల్లాలో 'అల్-హక్' సంస్థను స్థాపించారు. అరబ్బీ 'హక్' పదానికి సత్యం, హక్కు అన్న రెండర్థాలూ ఉన్నాయి. తెలుగు 'హక్కు'కు మూలమదే. సంస్థ కార్యపద్ధతిలోనూ అవి విడదీయరానివి: బాధితుల ప్రమాణపూర్వక వాఙ్మూలాలే దాని వాదానికి పునాది.

2021లో ఇజ్రాయెల్ ఈ సంస్థను ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. అందుకు తగిన ఆధారాలు తమకు అందలేదని 2022 జూలైలో తొమ్మిది ఐరోపా దేశాలు పేర్కొన్నాయి. ఆగస్టులో సైన్యం దాని కార్యాలయాన్ని మూసివేసింది. 2024 జూలై 19న అంతర్జాతీయ న్యాయస్థానం ఆక్రమణ కొనసాగింపు చట్టవిరుద్ధమని సలహాభిప్రాయం వెలువరించింది. సలహాభిప్రాయానికి నిర్బంధశక్తి లేదు. అది అమలయ్యే వరకు హక్కుకు మిగిలే ఆధారం నమోదైన సత్యమే.