‘ఈజ్ దిస్ ఇట్’: ప్రచారపు హోరులో ఒక తొలి ఆల్బమ్

న్యూయార్క్ రాక్ బృందం ‘ద స్ట్రోక్స్’ తొలి ఆల్బమ్ ‘ఈజ్ దిస్ ఇట్’ 2001లో వెలువడింది. మొత్తం 11 పాటలు. నిడివి సుమారు 36 నిమిషాలు. ఇంత చిన్న సంకలనంపై పాశ్చాత్య సంగీత విమర్శకులు సాగించిన వాదోపవాదాలు మాత్రం ఏళ్ల తరబడి నడిచాయి.

1960వ దశకంలో అమెరికా యువకులు ఇళ్లను ఆనుకొని ఉన్న కారు షెడ్లలో సాధన చేస్తూ అలవరచుకున్న మోటైన, సూటి బాణీకి గ్యారేజ్ రాక్ అని పేరు. దానికి మళ్లీ ఊపిరి పోసినవారిలో స్ట్రోక్స్ ముఖ్యులు. నిర్మాత గార్డన్ రాఫెల్ మన్‌హాటన్‌లోని ఒక నేలమాళిగ స్టూడియోలో, హంగులకు చోటివ్వకుండా ఈ పాటలను రికార్డు చేశారు. గాయకుడు జూలియన్ కాసాబ్లాంకాస్ కంఠాన్ని సాధనకు వాడే చిన్న ఆంప్లిఫయర్ గుండా పంపడంతో అది పాత టెలిఫోనులో మాట్లాడుతున్నట్లు గరగరలాడుతూ వినిపిస్తుంది.

బృందాన్ని ముందుగా నెత్తిన పెట్టుకున్నది బ్రిటన్. అక్కడి రఫ్ ట్రేడ్ సంస్థ 2001 జనవరిలో మూడు పాటల రికార్డు విడుదల చేసింది మొదలు సంగీత పత్రికలు వారిని ఆకాశానికెత్తాయి. ఆల్బమ్ రాగానే ‘ఎన్ఎంఈ’ వారపత్రిక పదికి పది మార్కులిచ్చింది. బ్రిటన్ అమ్మకాల పట్టికలో అది రెండో స్థానానికి చేరగా, అమెరికాలో 33వ స్థానం దాటలేదు.

ఈ ప్రచారమే విమర్శకు ముడిసరుకైంది. వెల్వెట్ అండర్‌గ్రౌండ్, టెలివిజన్ వంటి పాత న్యూయార్క్ బృందాలకు ఇది అనుకరణ అన్నారు కొందరు. కాసాబ్లాంకాస్ తండ్రి పేరొందిన మోడలింగ్ సంస్థ వ్యవస్థాపకుడు. గిటారిస్టు ఆల్బర్ట్ హామండ్ జూనియర్ తండ్రి ప్రసిద్ధ గేయ రచయిత. సంపన్నుల బిడ్డలకు వీధి సంగీతపు నిజాయితీ ఎక్కడిదన్న ప్రశ్న సమీక్షల్లో తరచుగా తలెత్తింది. పాటను వదిలి పుట్టుకను తూచే ఈ వాదనలో పస తక్కువ. అమెరికాకు చెందిన ‘పిచ్‌ఫోర్క్’ మరింత నిదానంగా ఆలోచించింది. బృందాన్ని దేవతలను చేయడాన్ని తోసిపుచ్చుతూనే ఆల్బమ్‌కు పదికి 9.1 ఇచ్చింది.

అంతలో సెప్టెంబర్ 11 దాడులు జరిగాయి. నగర పోలీసులను ఎగతాళి చేసే ‘న్యూయార్క్ సిటీ కాప్స్’ పాటను అమెరికా సీడీ నుంచి తొలగించి ‘వెన్ ఇట్ స్టార్టెడ్’ను చేర్చారు, విడుదల అక్టోబర్ 9కి జరిగింది. దాడుల్లో పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది ఎందరో ప్రాణాలర్పించిన వేళ అది సహజమైన నిర్ణయమే. ఫలితంగా అమెరికా శ్రోతలకు సీడీపై అందినదీ, బ్రిటన్ సమీక్షకులు అంతకుముందు విన్నదీ అచ్చంగా ఒకే ఆల్బమ్ కాదు.

కాలక్రమంలో సందేహాలు సద్దుమణిగాయి. ‘ఎన్ఎంఈ’ 2009లో దీనిని దశాబ్దపు మేటి ఆల్బమ్‌గా ఎంచింది. ‘రోలింగ్ స్టోన్’ 500 ఉత్తమ ఆల్బమ్‌ల జాబితాలో 2003లో 367వ స్థానంలో ఉన్నది, 2020 నాటికి 114కు ఎగబాకింది. అనుకరణ అన్న నింద మోసిన ఈ బృందం బాణీని తరువాతి బ్రిటిష్ యువ బృందాలెన్నో అందిపుచ్చుకున్నాయి. ఆర్కిటిక్ మంకీస్ గాయకుడు అలెక్స్ టర్నర్ 2018 నాటి తన పాటలో స్ట్రోక్స్ పేరునే ప్రస్తావించారు.