మూడు సెకన్ల నుంచి ఒకటిన్నరకు

మెల్‌బోర్న్, ఆల్బర్ట్ పార్క్. 2011 మార్చి 26, శనివారం. క్వాలిఫయింగ్ తొలి విడత గడియారం ఇరవై నిమిషాల నుంచి వెనక్కి నడుస్తోంది. నరైన్ కార్తికేయన్ హెచ్‌ఆర్‌టీ కారులో ట్రాక్ మీదికి వచ్చాడు.

కోయంబత్తూరులో స్థిరపడ్డ తెలుగు మూలాల నాయుడు కుటుంబం వాళ్లది. ఫార్ములా వన్‌లో నడిపిన తొలి భారతీయుడు. 2005లో జోర్డాన్ జట్టుతో ఇండియానాపొలిస్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్నాడు. తర్వాత మళ్లీ ఫార్ములా వన్ సీటు దొరకడానికి ఆరో ఏడు వచ్చింది. దొరికిన కారేమో ఎఫ్111. సీజన్‌కు ముందు పరీక్షల్లో ఒక్కసారీ తిరగని కారు అది. మిగతా జట్లు శుక్రవారం ప్రాక్టీసులో వేగం పెంచుకుంటుంటే, ఈ స్పానిష్ జట్టు మెకానిక్‌లు గ్యారేజీలో ఇంకా భాగాలు బిగిస్తూనే ఉన్నారు.

దానికి తోడు ఆ ఏడాదే పాత నిబంధన తిరిగి వచ్చింది. తొలి విడతలో అందరికంటే వేగంగా తిరిగినవాడి సమయానికి 107 శాతం లోపల ల్యాప్ పూర్తి చేయాలి. లేకపోతే ఆదివారం రేసు లేదు. ఆ విడతలో వేగవంతమైన ల్యాప్ 1 నిమిషం 25.296 సెకన్లు కాబట్టి గీత 1:31.266 దగ్గర పడింది.

నరైన్ సమయం 1:34.293. గీతకు మూడు సెకన్లు అవతల. సహచరుడు లియుజ్జి 1:32.978తో మెరుగే, అతనూ అవతలే. మినహాయింపు దొరకలేదు. ఇద్దరూ ఇంటిదారి.

తర్వాతి రేసు మలేషియాలో ఇద్దరూ గట్టెక్కారు. సీజన్ మధ్యలో నరైన్ సీటు రికియార్డోకు వెళ్లింది. అక్టోబరు 30న ఢిల్లీ పక్కన బుద్ధ్ సర్క్యూట్‌లో తిరిగి వచ్చి 17వ స్థానంలో రేసు ముగించాడు, రికియార్డో కంటే ఒక స్థానం ముందు.

మరుసటి ఏడాది, 2012 మార్చి 17. అదే ఆల్బర్ట్ పార్క్, అదే 5.303 కిలోమీటర్లు. కారు కొత్తది, ఎఫ్112. క్రాష్ టెస్టులు దాటడం ఆలస్యమై ఇదీ సీజన్ పరీక్షలకు అందలేదు. ఈసారి గీత 1:32.214. కొత్త సహచరుడు, నలభై ఒక్కేళ్ల పెడ్రో డి లా రోసా 1:33.495. నరైన్ 1:33.643. మళ్లీ ఇద్దరూ బయటే. పత్రికల్లో రెండేళ్లకూ దాదాపు ఒకే శీర్షిక సరిపోయింది. నా బాధంతా అక్కడే. ఆ రెండు శనివారాలూ ఒకటి కావు.

గుడివాడలో సంక్రాంతికి జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఈ లెక్క విడమర్చి చెప్పనక్కర్లేదు. బండ ఒకటే, గడువు ఒకటే. ఆ గడువులో జత ఎన్ని అడుగులు లాగిందన్నదే కొలత. బందరు నుంచో, దివిసీమ నుంచో వచ్చిన పెద్దరైతు నిరుటి అడుగులనూ ఈ ఏటి అడుగులనూ నేరుగా పక్కపక్కన పెట్టడు. నేల బిగిసి ఉందా, మెత్తబడిందా అని చూస్తాడు. మొదటి బహుమతి కొట్టిన జతకు మన జత నిరుడు ఎంత వెనకబడింది, ఇప్పుడు ఎంత వెనకబడింది అని అడుగుతాడు.

ట్రాక్ మీద కూడా నేల మారింది. 2011లో పెద్ద జట్లు పొగగొట్టం గాలిని కారు అడుగుభాగానికి మళ్లించి పట్టు పెంచుకున్నాయి. 2012 నిబంధనలు దాన్ని కట్టడి చేశాయి. క్వాలిఫయింగ్‌లో అగ్రస్థానం తెచ్చే పోల్ సమయమే 1:23.529 నుంచి 1:24.922కు జారింది. ముందువాళ్లు నెమ్మదించిన ఏడాదిలో నరైన్ 0.65 సెకను వేగం పెంచాడు. తొలి విడత అగ్రగామితో చూస్తే అతని వెనకబాటు 10.5 శాతం నుంచి 8.7కు తగ్గింది. తొలి విడతలో పెద్ద జట్లు పూర్తి బలం చూపవు, నిజమే. అందుకే పోల్‌తోనూ చూడాలి. అక్కడా 12.9 శాతం నుంచి 10.3కు దిగింది. గీతకు దూరం 3.027 సెకన్ల నుంచి 1.429కు, అంటే సగానికంటే తక్కువకు వచ్చింది. సహచరుడితో తేడా నిరుడు 1.315 సెకన్లు, ఇప్పుడు 0.148. ఈ చివరి అంకె నాకు మిగతావాటికంటే విలువైనది. ఒకే జట్టు, ఒకే రకం కారు. అక్కడ సాకులకు చోటు తక్కువ.

ఆ సీజన్ ముగిశాక జట్టు మూతపడింది. 

ఆ రెండో మెల్‌బోర్న్ తర్వాత వారానికి, మలేషియాలోని సెపాంగ్‌లో ఇద్దరూ గీత దాటారు. మార్చి 25, ఆదివారం వాన. నరైన్ చిట్టచివరి వరసలో నుంచి కదిలాడు. వాన టైర్లు ముందే వేసుకుని బయల్దేరడంతో, మిగతావాళ్లు టైర్లు మార్చుకోవడానికి ఆగుతుంటే అతను ఆగలేదు. కుండపోతకు రేసు ఎర్రజెండాతో ఆగిపోయేసరికి హెచ్‌ఆర్‌టీ కారు పదో స్థానంలో ఉంది.